టెలికాం లా వైపు వెళ్లాలా వద్దా? మిగిలినవి నాలుగు కంపెనీలే అంటున్నారు

జూనియర్_హైద్
హైకోర్టులో ఒక సీనియర్ దగ్గర పనిచేస్తున్నాను. ఎక్కువగా సర్వీస్ మ్యాటర్లు, భూసేకరణ రిట్లు. ఈమధ్య మున్సిపాలిటీ సెల్ టవర్‌కి సీల్ వేసిన కేసు ఒకటి ఆఫీసుకి వచ్చింది. అఫిడవిట్ రాద్దామని కూర్చుంటే లైసెన్స్ అగ్రిమెంటు, రైట్ ఆఫ్ వే రూల్స్ (కేబుళ్లు, టవర్లు వేసుకోవడానికి స్థలం వాడుకునే హక్కు గురించినవి), ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) సిఫార్సులు అన్నీ తిరగేయాల్సి వచ్చింది, తిరగేసినకొద్దీ ఇంకా చదవాలనిపించింది. ఏ సబ్జెక్టూ నన్ను ఇలా పట్టుకోలేదు. ఢిల్లీలో ఒక ఆపరేటర్ రెగ్యులేటరీ టీంలో ఖాళీ ఉందని తెలిసినవాళ్లు చెప్పారు. మా సీనియర్ మాత్రం వద్దంటున్నారు. ఒకప్పుడు సర్కిల్‌కి (లైసెన్స్ ఇచ్చే ఒక్కో ప్రాంతానికి) పది పన్నెండు కంపెనీలు కొట్టుకునేవి కాబట్టి లాయర్లకి చేతినిండా పని ఉండేది, ఇప్పుడు మూడు ప్రైవేటు కంపెనీలు ఒక బీఎస్ఎన్ఎల్, ఎవరి మీద ఎవరు కేసు వేస్తారు అని ఆయన ప్రశ్న. ఆయన మాట తీసిపారేయలేను. ఈ పనిలో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఇందులో ఇరవై ముప్పై ఏళ్లు బతకొచ్చా? రోజంతా అసలు ఏం చేస్తారు? ఉద్యోగంలో చేరితే నా ఎన్‌రోల్‌మెంట్ సంగతేంటి?

సివిల్_సైడ్_బెజవాడ
మీ సీనియర్ చెప్పింది నిజం. 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసిన దగ్గర్నుంచి కంపెనీలు మూతపడటమో కలిసిపోవడమో తప్ప కొత్తగా వచ్చిందెవరు, ఒక్క జియో తప్ప? పైగా టెలికాం తగాదాలు వినే ట్రిబ్యునల్, టీడీశాట్, ఢిల్లీలో. క్లయింట్లే లేని చట్టం ఎంత నేర్చుకుంటే ఏం లాభం. మా సివిల్ సైడ్‌కి రండి, అన్నదమ్ములున్నంత కాలం పార్టిషన్ సూట్లు ఉంటాయి.

చాణక్యపురి_వకీల్
నేను టీడీశాట్‌లోనే ప్రాక్టీస్ చేస్తున్నాను కాబట్టి కాస్త పెద్దగా రాస్తా. ట్రాయ్ చట్టం 1997ది, 2000లో సవరించి వివాదాల పరిష్కారం ట్రాయ్ నుంచి తీసి టీడీశాట్‌కి ఇచ్చారు. సెక్షన్ 14 చదవండి, మూడు రకాల తగాదాలు వస్తాయి. లైసెన్స్ ఇచ్చిన ప్రభుత్వానికీ తీసుకున్నవాడికీ మధ్య, ఇద్దరు సర్వీస్ ప్రొవైడర్ల మధ్య, సర్వీస్ ప్రొవైడర్‌కీ వినియోగదారుల బృందానికీ మధ్య. సర్వీస్ ప్రొవైడర్ అనగానే మీ సీనియర్ గారికి నాలుగు మొబైల్ కంపెనీలే కనిపిస్తున్నాయి. ఇంటర్నెట్ ప్రొవైడర్లు ఏమయ్యారు? వీశాట్ (చిన్న డిష్‌తో శాటిలైట్ కనెక్షన్) వాళ్లు? 2004లో ప్రసార రంగం కూడా ట్రాయ్ కిందికి వచ్చింది, అప్పట్నుంచి టీవీ ఛానళ్లు, ఎంఎస్‌ఓలు (కేబుల్ ఆపరేటర్లకి సిగ్నల్ ఇచ్చే పెద్ద సంస్థలు), కేబుల్ ఆపరేటర్ల తగాదాలు కూడా ఇక్కడికే వస్తున్నాయి. కాజ్ లిస్ట్ (ఆ రోజు విచారణకి వచ్చే కేసుల జాబితా) తెరిచి చూడండి, బ్రాడ్‌కాస్టింగ్ పిటిషన్లు ఎన్నున్నాయో మీకే తెలుస్తుంది.

అక్కడితో ఆగలేదు. 2017లో సైబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ పని, విమానాశ్రయ చార్జీల అప్పీళ్లు కూడా టీడీశాట్‌లో కలిపారు. 2023 డేటా రక్షణ చట్టం చూడండి, డేటా ప్రొటెక్షన్ బోర్డు ఉత్తర్వు మీద అప్పీలు ఎక్కడికి? టీడీశాట్‌కే. అంటే ఆస్పత్రి, బ్యాంకు, యాప్ నడిపేవాడు, అందరూ రేపు ఇదే మెట్లెక్కాలి. ఆపరేటర్లు తగ్గారు, నిజమే. మా పని తగ్గలేదు.

ఇంకో మాట. టీడీశాట్ తీర్పు మీద అప్పీలు సెక్షన్ 18 కింద నేరుగా సుప్రీంకోర్టుకి పోతుంది, మధ్యలో హైకోర్టు లేదు. సాక్ష్యం పెట్టిన దగ్గర్నుంచి సుప్రీంకోర్టులో వాదన దాకా ఒకే కేసు వెంట నడిచే అవకాశం ఒక యువ లాయర్‌కి ఇంకెక్కడ వస్తుంది చెప్పండి. అందుకే నా సలహా, ఉద్యోగం వద్దు. ఢిల్లీ వచ్చి ఈ పని చేసే చాంబర్‌లో చేరు.

జూనియర్_హైద్
చాంబర్‌లో చేరితే ఢిల్లీ అద్దె ఎవరు కడతారు సార్ 🙂

చాణక్యపురి_వకీల్
అది మాత్రం కష్టమే, దాచను. మొదటి రెండు మూడేళ్లు ఇంటి నుంచి కొంత సాయం ఉంటే గానీ నడవదు.

శ్రావణి_రెగ్
ఆ రెండు మూడేళ్లు అందరికీ దొరకవు సార్, నాకూ దొరకలేదు. అందుకే ఇన్‌హౌస్‌లో, అంటే కంపెనీలోనే లాయర్‌గా చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను, ఈ పని నాకు చాలా ఇష్టం.

@జూనియర్_హైద్ రోజంతా ఏం చేస్తారని అడిగావు కదా. పొద్దున్న ఆఫీసుకి రాగానే డాట్ (కేంద్ర టెలికాం శాఖ) నుంచి కొత్త సర్క్యులర్ ఏదైనా వచ్చిందా, ట్రాయ్ కన్సల్టేషన్ పేపర్ వేసిందా చూస్తాం. పేపర్ వస్తే అసలు పని అప్పుడు మొదలవుతుంది. అందులో ప్రశ్నలుంటాయి, ఒక్కో ప్రశ్నకి నెట్‌వర్క్ వాళ్లని అడగాలి, ఫైనాన్స్ వాళ్లని అడగాలి, మార్కెటింగ్ వాళ్లని బతిమాలాలి. అందరూ తలో మాట చెబుతారు. వాటన్నిటినీ చట్టానికి నిలబడే ఒక వాదనగా మార్చేది మనం. కామెంట్లు వేశాక పోటీ కంపెనీ ఏం రాసిందో చదివి కౌంటర్ కామెంట్లు, తర్వాత ఓపెన్ హౌస్ (ట్రాయ్ పెట్టే బహిరంగ చర్చ), అక్కడ లేచి మాట్లాడాలి. ఈ పారదర్శకత ట్రాయ్ దయతో వచ్చింది కాదు, చట్టంలో సెక్షన్ 11(4) పెట్టిన బాధ్యత. కాల్ డ్రాప్ కేసు గుర్తుందా? తెగిపోయిన కాల్‌కి రూపాయి చొప్పున, రోజుకి మూడు కాల్స్ వరకు కస్టమర్‌కి ఇవ్వాలని ట్రాయ్ రెగ్యులేషన్ తెచ్చింది. 2016 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పులో పారదర్శకత గురించి రాసిన భాగం ప్రతి రెగ్యులేటరీ లాయర్ చదవాలి. సంప్రదింపులు జరిపితే చాలదు, వచ్చిన అభ్యంతరాలకి కారణాలతో జవాబు చెప్పాలి అనే ఆలోచన అందులో ఉంది.

ఇది కాక లైసెన్స్ షరతుల కంప్లయన్స్, సిమ్ ఇచ్చేటప్పుడు చిరునామా సరిచూడటంలో తప్పులకి వేసే జరిమానాలు, సర్వీస్ నాణ్యత నివేదికలు, వేలం వచ్చినప్పుడు టెండరు పత్రం అక్షరం అక్షరం చదవడం. వేలం రోజుల్లో ఇంటికి వెళ్లడం ఉండదు.

ఎన్‌రోల్‌మెంట్ విషయం: బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ఫుల్ టైమ్ జీతగాడు ప్రాక్టీస్ చేయకూడదు. చేరగానే మీ స్టేట్ బార్ కౌన్సిల్‌కి తెలియజేసి సనద్ (ప్రాక్టీస్ చేసే అనుమతి) సస్పెండ్ చేయించుకోవాలి. బయటికి వచ్చాక మళ్లీ దరఖాస్తు పెట్టి ప్రాక్టీస్ మొదలుపెట్టుకోవచ్చు. దీన్ని తేలిగ్గా తీసుకోకు, జీతం తీసుకుంటూ కోర్టులో వకాలత్ వేస్తే క్రమశిక్షణ చర్య తప్పదు.

లెక్కల_మాస్టారు
లాయర్లు మాత్రమే మాట్లాడుకుంటున్నారు, సీఏని, నేను కూడా వస్తున్నా. ట్రాయ్ చట్టం సెక్షన్ 17 చూడండి, టీడీశాట్ ముందు సీఏలు, కంపెనీ సెక్రటరీలు, కాస్ట్ అకౌంటెంట్లు కూడా హాజరు కావచ్చు. మాకూ చోటుంది.

@జూనియర్_హైద్ నీకు ఏజీఆర్ (లైసెన్స్ ఫీజు లెక్కకట్టే సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం) కేసు మొత్తం చదవమని చెబుతా. 1994 విధానంలో కంపెనీలు లైసెన్స్ ఫీజు కింద ఫలానా మొత్తం కడతామని పాడుకున్నాయి. కట్టలేకపోయాయి. 1999 విధానం వచ్చి, మొత్తం బదులు ఆదాయంలో వాటా ఇవ్వండి అంది. అందరూ సంతోషంగా మారారు. కానీ ఆదాయం అంటే ఏది? కాల్స్ మీద వచ్చిందేనా, బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ, డివిడెండు, అద్దె, పాత సామాను అమ్మిన డబ్బు కూడానా? ఈ ఒక్క నిర్వచనం మీద దాదాపు పదిహేనేళ్లకి పైగా కొట్టుకున్నారు. టీడీశాట్‌లో కంపెనీలకి చాలావరకు ఊరట దొరికింది. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు డాట్ వైపు తేల్చింది. లైసెన్స్ ఫీజు ఒక్కటే 92 వేల కోట్ల రూపాయల పైచిలుకు, అందులో వడ్డీ, పెనాల్టీ, పెనాల్టీ మీద వడ్డీ. అసలు కంటే కొసరే ఎక్కువైంది. 2020 సెప్టెంబర్‌లో పదేళ్లలో కట్టుకోండి అన్నారు. 2021లో ప్రభుత్వమే టెలికాం కాని ఆదాయాన్ని ఇకమీదట లెక్కలోంచి తీసేస్తామంది, పాత బాకీకి మాత్రం అది వర్తించదు.

ఇప్పుడు చెప్పు, ఆ కేసులో వాదించడానికి చట్టం చాలా, బ్యాలెన్స్ షీటు చదవడం రావాలా? రెండూ రావాలి. బ్యాలెన్స్ షీటు చూసి భయపడే లాయర్ ఈ రంగంలో సగం లాయరే.

సివిల్_సైడ్_బెజవాడ
@లెక్కల_మాస్టారు మీరు చెప్పింది నా వాదనకే బలం. ఒక్క తీర్పుతో ఒక కంపెనీ కూలబడేంత పనైంది. కంపెనీ పోతే దాని రెగ్యులేటరీ టీం ఏమవుతుంది? ఆ కుర్రాడి ఉద్యోగం ఏమవుతుంది?

శ్రావణి_రెగ్
ప్రశ్న న్యాయమైనదే. నా మొదటి కంపెనీ అలాగే మూతపడింది. టీంలో ఉన్న మేమందరం టవర్ కంపెనీలకి, శాటిలైట్ వాళ్లకి, కన్సల్టెన్సీలకి, లా ఫర్ములకి చేరుకున్నాం. లైసెన్స్ చదవడం తెలిసినవాళ్లు తక్కువ, కాబట్టి దొరికారు అనుకుంటే తీసుకుంటారు. కానీ ఆ ఆరు నెలల టెన్షన్ ఎవరికీ వద్దు.

నెట్_కావాలి
మధ్యలో దూరుతున్నా. మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ వాడు నెట్ లేని నెలకి కూడా బిల్లు వేశాడు. టీడీశాట్‌కి వెళ్లొచ్చా?

చాణక్యపురి_వకీల్
వద్దు. ఒక్క వినియోగదారుడి ఫిర్యాదు టీడీశాట్‌కి రాదు. ముందు కంపెనీలోనే ఫిర్యాదు, తర్వాత అప్పీలు అథారిటీ, తేలకపోతే వినియోగదారుల కమిషన్. టెలిగ్రాఫ్ చట్టంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) ఉంది కాబట్టి కమిషన్‌కి వెళ్లకూడదని కంపెనీలు చాలాకాలం వాదించాయి, 2022లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. బిల్లులు, ఫిర్యాదు నంబరు దాచుకోండి.

ఫైబర్‌వాలా
ఇంజనీర్‌ని, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫైబర్ వేయించే పని. మాకు కావాల్సిన లాయర్ ఢిల్లీలో లేడు, జిల్లాల్లో కావాలి. కేబుల్ కోసం రోడ్డు పక్కన కందకం తవ్వాలంటే మున్సిపాలిటీ, ఆర్ అండ్ బీ, హైవే వాళ్లు, పంచాయతీ, అటవీ శాఖ, రైల్వే. ఒక్కొక్కరిదీ ఒక్కో ఫీజు, ఒక్కో ఫారం. 2016 రూల్స్ పోయి కొత్త టెలికాం చట్టం కింద 2024 రైట్ ఆఫ్ వే రూల్స్ వచ్చాయి, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. కింది ఆఫీసుల్లో చాలాచోట్ల ఆ కాగితం చూసినవాడు లేడు. రూల్ చూపించి, పద్ధతిగా మాట్లాడి, పని జరిగేలా చేసే లాయర్ దొరికితే మాకు బంగారమే.

టవర్ కేసు చేశానన్నావు కదా, దాని మీద రెండు తీర్పులు పక్కపక్కన పెట్టుకుని చదువు. 2016 డిసెంబర్‌లో గుజరాత్ నుంచి వచ్చిన కేసులో సెల్ టవర్ల మీద ఆస్తి పన్ను వేయొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది, భవనం అనే మాటకి అక్కడ విశాలమైన అర్థం ఇచ్చింది. 2024 నవంబర్‌లో ఇంకో కేసులో అదే టవర్ కదిలించగల సరుకు, కాబట్టి సెన్‌వాట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) వస్తుంది అంది. 2023 టెలికాం చట్టం ఏమో నెట్‌వర్క్ వేరు, అది నిలబడిన ఆస్తి వేరు, ఆస్తి పన్ను విషయంలో కూడా వేరే అంటోంది. మున్సిపాలిటీల డిమాండ్ నోటీసులు ఇంకా ఆగలేదు. ఇవన్నీ హైకోర్టుకే వస్తాయి.

సివిల్_సైడ్_బెజవాడ
ఒకే టవర్ ఒకచోట భవనం, ఇంకోచోట సరుకా! మా మున్సిఫ్ కోర్టులో ఈ మాటంటే ఫైలు విసిరికొడతారు.

చాణక్యపురి_వకీల్
ఒకటి రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితా 49వ అంశం (భూములు, భవనాల మీద పన్ను) కింద వచ్చిన ప్రశ్న, ఇంకోటి సెన్‌వాట్ రూల్స్ కింద వచ్చిన ప్రశ్న. ఏ చట్టం కింద అడుగుతున్నామో దాన్నిబట్టే జవాబు. ఇలాంటి చిక్కుముడి విప్పడం సివిల్ లాయర్లకే బాగా వచ్చు సార్, మీరు రావాల్సిన రంగం ఇది.

హైకోర్ట్_రిట్స్
@జూనియర్_హైద్ ఒక విషయం ఎవరూ చెప్పలేదు. ట్రాయ్ చేసిన రెగ్యులేషన్ చెల్లుతుందా లేదా అనేది టీడీశాట్ తేల్చలేదు. బీఎస్ఎన్ఎల్ వర్సెస్ ట్రాయ్, 2013 డిసెంబర్ తీర్పు. రెగ్యులేషన్‌ని సవాలు చేయాలంటే హైకోర్టులో రిట్ వేయాల్సిందే. కాల్ డ్రాప్ కేసు కూడా ముందు ఢిల్లీ హైకోర్టులో నడిచిందే. నీకు రిట్ డ్రాఫ్టింగ్ వచ్చు, ఆర్టికల్ 14 వచ్చు, అధికార పరిధి దాటడం అంటే ఏంటో తెలుసు. నేర్చుకున్నదేదీ వృథా కాదు, ఎవరు ఏం చెప్పినా ఆ పునాది వదలకు. సెల్ టవర్ వద్దని కాలనీవాళ్లు వేసే రిట్లు మన దగ్గర ఎన్ని చూడలేదు? రేడియేషన్ పరిమితిని 2012లోనే అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించారని చాలా కౌంటర్ అఫిడవిట్లలో సరిగ్గా రాయరు కూడా.

కేబుల్_కృష్ణ
నేను లాయర్ని కాదు, చిన్న పట్టణంలో కేబుల్ నడుపుతాను. మాకు సిగ్నల్ ఇచ్చే పెద్ద సంస్థ ఒకటి బాకీ ఉందని చెప్పి ఒక సాయంత్రం సిగ్నల్ కట్ చేసింది. మేము కట్టిన రసీదులు మా దగ్గరే ఉన్నాయి. జనం మా ఇంటి మీదకి వచ్చారు, సగంమంది రాత్రికి రాత్రి వేరే ఆపరేటర్‌కి మారిపోయారు. ఇక్కడి లాయర్‌ని అడిగితే ఇది ఢిల్లీలో వేయాలి అన్నాడు. ఢిల్లీ లాయర్‌తో ఫోన్లో మాట్లాడాలంటే నాకు హిందీ అంతంతమాత్రం, ఆయనకి తెలుగు రాదు. మా అబ్బాయి మధ్యలో ఉండి చెప్పేవాడు, ఒప్పందంలో ఉన్న విషయం ఒకటైతే ఆయనకి అర్థమయ్యేది ఇంకోటి. చివరికి ఆర్డరు వచ్చింది, సిగ్నల్ వచ్చింది, పోయిన కనెక్షన్లు తిరిగి రాలేదు.

బాబూ జూనియర్, నువ్వు ఈ పని నేర్చుకుంటే మాలాంటివాళ్ల మాట తెలుగులో విని ఢిల్లీలో నిలబడి చెప్పు. ఫీజు ఇస్తాం. వీడియోలో హాజరయ్యే వీలు వచ్చాక నువ్వు ఎప్పుడూ అక్కడే ఉండక్కర్లేదని మా లాయరే అన్నాడు.

చాణక్యపురి_వకీల్
@కేబుల్_కృష్ణ గారూ, మీరు పడిన బాధ రోజూ వింటుంటాను. ముందుగా నోటీసు ఇవ్వకుండా సిగ్నల్ ఆపడానికి ఇంటర్‌కనెక్షన్ రెగ్యులేషన్స్ (ఒక సంస్థ నెట్‌వర్క్‌ని ఇంకో సంస్థతో కలపడం గురించిన నిబంధనలు) ఒప్పుకోవు. ఇలాంటి కేసుల్లో మధ్యంతర ఉత్తర్వే అసలు కేసు, ఒక్క వారం ఆలస్యమైతే క్లయింట్ వ్యాపారం పోతుంది. జూనియర్, ఆయన పోస్టు ఇంకోసారి చదువు. నీ మొదటి పది క్లయింట్లు ఇలాంటివాళ్లే అవుతారు, నాకూ అలాగే మొదలైంది.

పాలసీ_డెస్క్
ఇప్పటిదాకా అందరూ కంపెనీ, ఆపరేటర్, టవర్ అనే మాట్లాడారు. ఫోన్ పట్టుకున్న మనిషి వైపు లాయర్లు అక్కర్లేదా?

టెలికాం చట్టంలో నాకు ముఖ్యమైన తీర్పులు ఇవీ. 1995లో హీరో కప్ ప్రసారాల కేసులో రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ 122 లైసెన్సులు రద్దు చేసిన 2012 టూజీ తీర్పు ఆ ఆలోచన మీదే నిలబడింది. 1996లో పీయూసీఎల్ కేసులో, ఫోన్ ట్యాపింగ్ ప్రైవసీని దెబ్బతీస్తుంది, హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వు ఉండాలి, దాన్ని రివ్యూ కమిటీ చూడాలి అని మార్గదర్శకాలు పెట్టింది. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులు బయటపెట్టాలి, గడువు లేకుండా ఆపకూడదు అంది. ఆ మాట ఉన్నందువల్లే ఇవాళ ఏదైనా జిల్లాలో నెట్ ఆపితే ఉత్తర్వు కాపీ ఏది అని అడగగలుగుతున్నాం. పాత టెలిగ్రాఫ్ చట్టం 1885ది. దాని స్థానంలో 2023 చట్టం వచ్చింది, కొన్ని సెక్షన్లు 2024 జూన్ 26 నుంచి అమల్లోకి వచ్చాయి, ట్యాపింగ్‌కీ నెట్ నిలిపివేతకీ అదే ఏడాది చివర్లో కొత్త రూల్స్ వేశారు. ఈ రూల్స్ డ్రాఫ్ట్ దశలో ఉన్నప్పుడు అభ్యంతరాలు రాసేది ఎవరు? కంపెనీలు రాస్తాయి, వాటికి మనుషులున్నారు. మిగతావాళ్ల తరఫున రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

2015లో నెట్ న్యూట్రాలిటీ (అన్ని వెబ్‌సైట్లనీ నెట్ కంపెనీ ఒకేలా చూడాలనే నియమం) మీద ట్రాయ్ పేపర్ వేస్తే పది లక్షల పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఆ ఈమెయిల్ ముసాయిదా, ట్రాయ్ అడిగిన ప్రశ్నలకి మామూలు మాటల్లో జవాబులు, ఇవన్నీ కొందరు లాయర్లు, ఇంజనీర్లు, జర్నలిస్టులు కూర్చుని రాసినవే. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక్కో వెబ్‌సైట్‌కి ఒక్కో డేటా రేటు పెట్టకూడదని రెగ్యులేషన్ తెచ్చింది. కోర్టు మెట్లెక్కకుండా ఒక లాయర్ చేయగలిగిన పని అది.

శ్రావణి_రెగ్
@పాలసీ_డెస్క్ అన్నీ ఒప్పుకుంటాను, కంపెనీ లాయర్లు మనుషుల వైపు ఉండరన్నట్టు వినిపించే భాగం తప్ప. ట్యాపింగ్ ఉత్తర్వు సరైన అధికారి సంతకంతో రాకపోతే వెనక్కి పంపేది మా టీమే. ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుసా? అవతల పోలీసు అధికారి ఫోన్లో ఉంటాడు, అర్జెంట్ అంటాడు. రూల్ చేతిలో ఉన్న లాయర్ లోపల లేకపోతే ఆ ఫోన్‌కి ఎవరైనా లొంగిపోతారు.

పాలసీ_డెస్క్
నిజమే, ఆ కోణం నేను రాయాల్సింది. లోపల అలాంటివాళ్లు ఉండటం చాలా అవసరం. కానీ వెనక్కి పంపిన ఉత్తర్వులు ఎన్ని అనేది బయటికి ఎప్పుడూ రాదు, అందుకే బయట కూడా మనుషులు కావాలంటున్నా.

పొటోమాక్_తెలుగు
వాషింగ్టన్ నుంచి. ఇక్కడ ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) చుట్టూ పెద్ద లాయర్ల బార్ ఉంది, 1934 చట్టం, 1996లో భారీ సవరణ. నెట్ న్యూట్రాలిటీ ఇక్కడ 2015లో వచ్చింది, 2017లో పోయింది, 2024లో మళ్లీ వచ్చింది, 2025 జనవరిలో సిక్స్త్ సర్క్యూట్ కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మారినప్పుడల్లా లాయర్లు మళ్లీ మొదటి పేజీ నుంచి. ఇండియాలో 2016 రెగ్యులేషన్ ఇంకా నిలబడి ఉంది, అది చిన్న విషయం కాదు. ఎల్ఎల్ఎం కోసం ఇటు రావాలనుకుంటే ముందు అక్కడ రెండు మూడేళ్లు పనిచేసి రండి, అప్పుడు క్లాసులో చెప్పేది దేనికో తెలుస్తుంది.

జూనియర్_హైద్
ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. రెండు అనుమానాలు. ఇంజనీరింగ్ రాకపోతే ఎంత ఇబ్బంది? శాటిలైట్ కంపెనీల్లో కూడా టీంవాళ్లు చేరారని శ్రావణి గారు అన్నారు, అక్కడ లాయర్ ఏం చేస్తాడు?

ఫైబర్‌వాలా
సర్క్యూట్లు గీయక్కర్లేదు. కాల్ ఇక్కణ్నుంచి అక్కడికి ఎలా పోతుంది, ఎక్కడ ఒక కంపెనీ నెట్‌వర్క్ అయిపోయి ఇంకోటి మొదలవుతుంది, చేతిలో ఉన్న స్పెక్ట్రం (రేడియో తరంగాలు) తక్కువైతే టవర్లు ఎందుకు ఎక్కువ కావాలి, ఇంతవరకు తెలిస్తే చాలు. ఒకరోజు నాతో సైట్‌కి రా, సాయంత్రానికి సగం వచ్చేస్తుంది.

శ్రావణి_రెగ్
ఇంటర్‌కనెక్షన్ అర్థమైతేనే డబ్బు ఎక్కడ మారుతుందో అర్థమవుతుంది. ఒక కంపెనీ కస్టమర్ ఇంకో కంపెనీ కస్టమర్‌కి ఫోన్ చేస్తే మొదటివాడు రెండోవాడికి నిమిషానికి 14 పైసలు ఇచ్చేవాడు, 2017 అక్టోబర్‌లో 6 పైసలైంది, 2021 జనవరి నుంచి సున్నా. వినడానికి పైసలే, కంపెనీలకి వేల కోట్లు. ఆ పైసల మీద కోర్టుల్లో నడిచిన వాదనలు చదివితే ఇంజనీరింగ్ దానంతటదే వస్తుంది.

శాటిలైట్ సంగతి. 2023 చట్టంలో స్పెక్ట్రం సాధారణంగా వేలంలోనే ఇవ్వాలి, కానీ మొదటి షెడ్యూల్‌లో ఉన్న వాడకాలకి వేలం లేకుండా కేటాయించొచ్చు, కొన్ని శాటిలైట్ సేవలు అందులో ఉన్నాయి. మరి ధర ఎంత, ఎవరికి, ఎన్నేళ్లకి? నేల మీద టవర్లు పెట్టి వేలంలో కొన్నవాడు ఇది అన్యాయం అంటాడు. ఇక దేశాల మధ్య తరంగాల పంపకం ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం యూనియన్) చూస్తుంది, 1865లో టెలిగ్రాఫ్ కాలంలో పుట్టిన సంస్థ. వరల్డ్ రేడియో కాన్ఫరెన్స్ 2023లో దుబాయ్‌లో జరిగింది, వచ్చేది 2027లో షాంఘైలో. అక్కడ రాసే ప్రతి ఫుట్‌నోట్‌కీ చట్టపరమైన బలం ఉంటుంది. మన ప్రతినిధి బృందాల్లో ఇంజనీర్లు ఎక్కువ, లాయర్లు తక్కువ. ఆ లోటు మీ తరం తీర్చాలి.

లెక్కల_మాస్టారు
అంటే కుర్రాడు షాంఘై వెళ్లాలంటే ముందు నాంపల్లి స్టేషన్‌లో ఢిల్లీ రైలెక్కాలి.

హైకోర్ట్_రిట్స్
ఎక్కాలా వద్దా అనేదే కదా మొదటి పేజీ నుంచి గొడవ 😄 నా ఓటు: ఉద్యోగంలో చేరు, నాలుగైదేళ్లు లోపలి పని చూడు, తర్వాత సనద్ తిరిగి తెచ్చుకుని హైదరాబాద్‌లో మొదలుపెట్టు. ట్రాయ్ ప్రాంతీయ కార్యాలయం ఇక్కడ ఉంది, డాట్ ఫీల్డ్ యూనిట్ ఉంది. రాష్ట్రం విడిపోయినా టెలికాం లైసెన్సుల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే ఇప్పటికీ రెండు రాష్ట్రాలూ కలిపే.

చాణక్యపురి_వకీల్
నాలుగైదేళ్లు కోర్టుకి దూరమైతే నిలబడి మాట్లాడే అలవాటు పోతుంది, అదే నా భయం. ఏది తేల్చుకున్నా, చేరే ముందు ఒక వారం ఢిల్లీ వచ్చి టీడీశాట్‌లో వెనక కుర్చీలో కూర్చో. ఎవరి అనుమతీ అక్కర్లేదు. కేబుల్ కేసులు నడిచే రోజు ఒకటి, డాట్ డిమాండ్ నోటీసులు నడిచే రోజు ఒకటి చూడు.

శ్రావణి_రెగ్
ఆఫర్ లెటర్ వస్తే సంతకం పెట్టే ముందు రెండు క్లాజులు చూడు. మానేశాక ఎన్నాళ్లు పోటీ సంస్థలో చేరకూడదంటున్నారు, ట్రిబ్యునల్ హియరింగ్‌లకి నిన్ను పంపుతారా లేక కాగితాలకే పరిమితం చేస్తారా. రెండోది ఇంటర్వ్యూలోనే అడిగెయ్యి.

జూనియర్_హైద్
తప్పకుండా. వచ్చే నెల సెలవు పెట్టి వస్తున్నా చాణక్యపురి సార్. ఫైబర్‌వాలా అన్నా, సైట్‌కి కూడా వస్తా, తేదీ చెప్పండి. కృష్ణ గారూ, ఆ ఒప్పందం పేర్లు కొట్టేసి పంపితే చదువుకుంటాను.

సివిల్_సైడ్_బెజవాడ
సరే, నాదీ ఒక ప్రశ్న. నా క్లయింట్ మేడ మీద టవర్ ఉంది, ఆ కంపెనీ రెండేళ్లుగా అద్దె ఇవ్వడం లేదు. సూట్ ఇక్కడే వేయనా, టీడీశాట్ అంటారా?

చాణక్యపురి_వకీల్
ఇంటి యజమాని సర్వీస్ ప్రొవైడర్ కాదు, టీడీశాట్‌కి రాదు. లీజు తీసి ఆర్బిట్రేషన్ క్లాజు ఉందా చూడండి. అంతకంటే ముందు ఆ కంపెనీ దివాలా ప్రక్రియలో ఉందేమో చూడండి, ఉంటే మారటోరియం (కంపెనీ మీద కేసులు ఆపే ఉత్తర్వు) ఉంటుంది, మీ సూట్ కదలదు.

సివిల్_సైడ్_బెజవాడ
ఉన్నట్టుంది, పేపర్లో చూసిన గుర్తు.

లెక్కల_మాస్టారు
అయితే అద్దె బాకీని క్లెయిమ్ కింద రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కి (దివాలా ప్రక్రియ నడిపే అధికారికి) పంపాలి. లీజు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆఖరి అద్దె వచ్చిన తేదీ సిద్ధం చేసుకోండి. దివాలా ప్రక్రియ ప్రకటనలో గడువు తేదీ ఉంటుంది, ఇవాళే చూడండి. ఫారం నింపడంలో సందేహం ఉంటే ఇక్కడే అడగండి.